టెక్ సందేహాలు: ఫారం 20 ఫొటోలా ఉంటే ఎక్సెల్‌లోకి ఎలా?

ప్రశ్న: కాకతీయ యూనివర్సిటీలో పీజీ చేస్తున్నాను. 2023 అసెంబ్లీ ఎన్నికల్లో వరంగల్ పశ్చిమలో ఏ పోలింగ్ కేంద్రంలో ఎవరికెన్ని ఓట్లు వచ్చాయో ప్రాజెక్టుకు కావాలి. కేంద్రాల వారీ ఓట్ల లెక్క ఉండే తుది ఫలితాల పత్రం ఫారం 20 పీడీఎఫ్ దొరికింది కానీ అందులో వెతికితే ఏమీ రావట్లేదు, కాపీ కూడా అవట్లేదు. అంతా చేత్తో టైప్ చేయాల్సిందేనా?
– ఓ విద్యార్థిని, హనుమకొండ

జవాబు: అక్కర్లేదమ్మా. ఏదైనా అంకె మీద వేలు నొక్కి పట్టుకోండి. సెలెక్ట్ కాకపోతే అది స్కాన్ చేసిన ఫొటో. రిటర్నింగ్ అధికారి సంతకంతో ఉన్న కాగితం రుజువుగా కావాల్సిందే. దాని పక్కనే అధికారులు ఎక్సెల్ ఫైలు కూడా పెడితేనే నా దృష్టిలో సమాచారం ఇచ్చినట్టు. అది కుదరని పనేమీ కాదు. బిహార్‌లో ముసాయిదా ఓటరు జాబితా నుంచి పోయిన సుమారు 65 లక్షల పేర్లను ఓటరు కార్డు నంబరుతో వెతుక్కునేలా, కారణాలతో సహా పెట్టాలని సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 14న చెప్పింది.

మీ పనికి ఫోన్‌లోని ఎక్సెల్ యాప్ చాలు. ఒక్కో పేజీని స్క్రీన్‌షాట్ తీసి, 'డేటా ఫ్రమ్ పిక్చర్'కు ఇవ్వండి. గూగుల్ డ్రైవ్‌లో వేసి డాక్స్‌తో తెరిచినా అంకెలు వస్తాయి కానీ గళ్లు చెదిరిపోతాయి.

అసలు జాగ్రత్త ఇక్కడే. స్కాన్ మసకగా ఉంటే 3 కాస్తా 8 అవుతుంది, 1 కాస్తా 7 అవుతుంది. తప్పు పట్టుకునే మార్గం ఫారంలోనే ఉంది. ప్రతి వరుసలో అభ్యర్థుల ఓట్లన్నీ కూడితే 'చెల్లిన ఓట్లు' గడిలో ఉన్న అంకె రావాలి. నోటాది వేరే గడి, దాన్ని ఇందులో కలపకండి. చివర ఒక సమ్ ఫార్ములా పెట్టి, తేడా వచ్చిన వరుసలను మాత్రం స్కాన్‌తో పోల్చుకోండి. పోస్టల్ ఓట్లు కింద విడిగా ఉంటాయి. అవి కలపకుండా మొత్తం సరిపోలేదని టెన్షన్ పడొద్దు.

మీ వాడలో ఎవరైనా పోలింగ్ ఏజెంటుగా కూర్చున్నారేమో అడగండి. పోలింగ్ అయ్యాక ఎన్ని ఓట్లు పడ్డాయో రాసిన ఫారం 17సీ నకలును ప్రిసైడింగ్ అధికారి ఏజెంట్లకు ఇవ్వాలి. ఆ కాగితం దాచుకుని ఉంటే మీ పట్టికలో నోటా కూడా కలిపిన ఆ కేంద్రం మొత్తంతో పోల్చి చూడండి. ప్రాజెక్టుకు అంతకు మించిన బలం ఉండదు.

ప్రశ్న: వాట్సాప్‌లో తెలుగు ఓటరు జాబితా వచ్చింది. నా పేరు కాపీ చేస్తే పిచ్చి గుర్తులు పడుతున్నాయి.
– ఓ పాఠకుడు, పరకాల

జవాబు: అది యూనికోడ్ (అన్ని ఫోన్లూ చదవగలిగే అక్షరాల పద్ధతి) కాని పాత ఫాంటు అయ్యుంటుంది. స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌తో చదివిస్తే అక్షరాలు వస్తాయి. అయినా ఓటు ఉందో లేదో తేల్చుకోవడానికి వాట్సాప్ ఫైలును నమ్మొద్దు. ఎన్నికల సంఘం ఓటరు పోర్టల్‌లో కార్డు నంబరు కొట్టి చూడండి, లేదా 1950కి ఫోన్ చేయండి. పేరు లేకపోతే ఫారం 6, తప్పు పడితే ఫారం 8 నింపాలి. రెండూ ఫోన్‌లోనే నింపొచ్చు.