చిట్టీ, ముందు స్టాండ్ కాళ్లు చూడు

చిట్టీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు కెమెరా పని నేర్చుకుంటున్నావని, రోజూ రాత్రి సినిమాల్లోంచి ఫ్రేములు తీసి ఏఐకి ఇస్తున్నావని, లైటు ఎటు నుంచి వచ్చిందో, ఎంత ఎత్తులో ఉందో అది ప్లాన్ గీసి మరీ చెబుతోందని, వచ్చే నెల స్నేహితులతో షార్ట్ ఫిల్మ్ తీస్తున్నారని, లైటింగంతా నీదేనని ఒక్క గుక్కలో చెప్పింది. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. సగం సంతోషం, సగం టెన్షన్.

సంతోషం ఎందుకంటే, ఐదేళ్లప్పుడు కరెంటు పోతే టార్చి గడ్డం కింద పెట్టుకుని నన్ను భయపెట్టడానికి వచ్చిన పిల్లవి నువ్వు. కింద నుంచి వెలుగు పడితే మొహం మారిపోతుందని ఎవరూ చెప్పకుండానే నీకు తెలిసింది. షూటింగుల్లో లైట్ల పని చేసిన మా రోజుల్లో ఏ లైటు ఎందుకు పెట్టారో అడిగితే చెప్పేవాళ్లు తక్కువ. కట్టర్, అంటే వెలుగుని అడ్డుకునే నల్లటి పలక, పట్టుకుని నిలబడి, కెమెరామన్‌గారు వెలుగు కొలిచే మీటరు ఎటు తిప్పుతున్నారో ఓరకంట చూసి నేర్చుకున్నాం. ఎన్నిసార్లు అడిగినా విసుక్కోకుండా చెప్పేది ఒకటి నీకు దొరికింది. వాడుకో. మీ అమ్మ వద్దంటే నేను మాట్లాడతాను.

వాడే పద్ధతి గురించి మాత్రం కొన్ని మాటలు. పోస్టర్లు ఇవ్వకు, అవి చాలావరకు విడిగా ఫొటో షూట్ చేసి, తర్వాత దిద్దినవి. ఒకే సీన్‌లోంచి వైడు, క్లోజప్పు రెండూ ఇవ్వు. క్లోజప్‌కి లైటు జరపడం మామూలు, రెంటికీ ఒకటే ప్లాన్ చెబితే అనుమానించు. ముందు నీ అంచనా కాగితం మీద రాసుకో, ఆ తర్వాతే అడుగు. "ఏం చూసి అలా అంటున్నావు" అని ప్రతిసారీ అడుగు. ముక్కు నీడ ఎటు పడింది, కంట్లో మెరుపు గుండ్రంగా ఉందా పలకలా ఉందా, గడ్డం కింద నీడ అంచు పదునుగా ఉందా కరిగిపోయిందా, ఇవి చూపించి చెబితే విను.

దూరాలు, వాట్లు చెబితే మాత్రం వెంటనే నమ్మకు. నాలుగడుగుల స్కిమ్మర్, అంటే లైటు ముందు పెట్టి వెలుగుని మెత్తబరిచే గుడ్డ ఫ్రేము, మొహానికి నాలుగడుగుల దూరంలో పెట్టినా, ఎనిమిదడుగులది ఎనిమిదడుగుల దూరంలో పెట్టినా చెంప మీద నీడ అంచు ఇంచుమించు ఒకేలా మెత్తగా ఉంటుంది. మొహం ఒక్కటే చూస్తే తేడా తెలియదు. వెనక గోడ చూడాలి. గోడ మొహానికి నాలుగడుగులు వెనక ఉందనుకో. మొదటి పద్ధతిలో లైటు నుంచి గోడ దూరం మొహం దూరానికి రెట్టింపు. అంటే గోడకి చేరే వెలుగు దాదాపు నాలుగో వంతే, సుమారు రెండు స్టాపులు పడిపోతుంది (వెలుగు సగమైతే ఒక స్టాపు). రెండో పద్ధతిలో ఇంచుమించు ఒక స్టాపు తగ్గుతుంది, అంతే. గోడ చీకట్లోకి జారిపోయిందంటే లైటు దగ్గరగా ఉండి ఉంటుంది. లేదా ఎవరో కట్టర్ పెట్టి గోడ మీద వెలుగు కోసేసి ఉంటారు. లేదా గ్రేడింగ్‌లో, అంటే షూటింగ్ తర్వాత రంగులు దిద్దేటప్పుడు, నల్లగా చేసి ఉంటారు. ఈ మూడింట్లో ఏదో చెప్పడానికి ఒక్క ఫ్రేము చాలదు.

ఆ కట్టర్ గురించే ఇంకో మాట. ఫ్రేములో కనబడేది పడిన వెలుగు. ఆపిన వెలుగు కనబడదు. ఒక చెంప చీకటిగా ఉంటే "ఫిల్ లైటు (నీడని తేలిక చేసే రెండో వెలుగు) వాడలేదు" అని ఏఐ చెబుతుంది. నువ్వు తెల్లగోడల గదిలో ఒక్క లైటు పెట్టి కూర్చుంటావు, ఆ చీకటి ఎంతకీ రాదు. ఎలా వస్తుంది, నాలుగు గోడలూ ఫిల్ ఇస్తుంటే? చీకటి కావాల్సిన చెంప పక్కన, ఫ్రేముకి కాస్త బయటగా, ఒక నల్లగుడ్డ నిలబెట్టు. మెల్లగా దగ్గరికి జరుపు. చెంప ఎముక కింద నీడ దిగడం నీ కళ్లతో చూస్తావు. మొదటిసారి అది చూసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. ఫోన్‌తో తీస్తుంటే ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ లాక్ చెయ్యి. లేకపోతే నువ్వు తగ్గించిన వెలుగుని ఫోన్ పెంచేస్తుంది, ఏం నేర్చుకున్నావో నీకే తెలియదు.

1959 నాటి హిందీ సినిమా 'కాగజ్ కే ఫూల్'లో చీకటి స్టూడియోలోకి ఏటవాలుగా దిగే వెలుగు చూశావా? ఆ ఫ్రేము చూసిన ఎవరైనా అక్కడేదో పెద్ద లైటు పెట్టారనే అంటారు. దాని కెమెరామన్ వి.కె. మూర్తిగారు బయటి ఎండని అద్దాలతో లోపలికి మళ్లించి తెచ్చారు. ఆ సంగతి ఫ్రేములో ఎంత వెతికినా దొరకదు, ఆయన చెబితే తెలిసింది. అందుకే ఏఐ జవాబు చదివాక, ఆ సినిమా తీసిన కెమెరామన్ తన నోటితో ఏమైనా చెప్పారా అని తప్పకుండా వెతుకు.

ఇవన్నీ నువ్వు నాలుగు రోజుల్లో పట్టేస్తావు. నాకు నిద్ర పట్టనిది వేరే విషయానికి.

పనిలో చేరిన కొత్తల్లో నా దగ్గర ఒక నోట్‌బుక్ ఉండేది. చేసిన ప్రతి సెటప్పూ ఆ రాత్రే అందులో గీసేవాణ్ని. కెమెరాకి త్రికోణం, లైటుకి సున్నా, స్కిమ్మర్‌కి గీత, మధ్యలో అడుగుల లెక్క. నీకు ఏఐ గీసిస్తున్న ప్లాన్ లాంటిదే. మూడేళ్లకి ఒకరోజు కెమెరామన్‌గారు "ఈ కిటికీ నువ్వు చెయ్యరా" అన్నారు. కాళ్లు భూమ్మీద నిలవలేదు. నోట్‌బుక్‌లో ఒక పేజీ ఎంచుకున్నాను. కిటికీ బయట ఆరడుగుల స్కిమ్మర్, దాని వెనక లైటు. కొలత తప్పకుండా పెట్టాను.

పొద్దున గాలి లేదు. స్టాండ్ పడకుండా కాళ్ల మీద వేసే ఇసుక బస్తాలు వ్యానులో ఉన్నాయి, ఇరవై అడుగులు నడిస్తే చాలు. నాకు కేబుల్ చుట్టడం నేర్పిన అన్న స్టాండ్ దగ్గర ఆగి "బరువు వేశావా?" అన్నాడు. "ఒక్క నిమిషం అన్నా, లోపల వెలుగు చూసొస్తా" అని వెళ్లాను. కుర్చీలో కూర్చున్నావిడ చెంప మీద వెలుగు అచ్చం నా పేజీలో ఉన్నట్టే ఉంది. నోట్‌బుక్ పట్టుకుని చూస్తూ నిలబడిపోయాను. ఒక్క నిమిషం ఎప్పుడో దాటింది. ఉన్నట్టుండి ఆవిడ మొహం మీది మెత్తదనం పోయి, ముక్కు నీడ కత్తితో గీసినట్టు అయిపోయింది. స్కిమ్మర్ లైటు ముందు నుంచి పోయిందని ముందు ఆ మొహం మీదే తెలిసింది. చప్పుడు ఆ తర్వాత వినబడింది.

ఆరడుగులకి ఆరడుగులంటే 36 చదరపు అడుగుల గుడ్డ. గాలి తగిలితే అది తెరచాపే. పడుతున్న ఫ్రేముని అన్న పట్టుకోబోయాడు. ఇనుప గొట్టం కుడి మణికట్టు మీద పడింది. ఎముకలు అతుక్కున్నాయి గానీ ఆ చెయ్యి మునుపటిలా తిరగలేదు. లైట్‌మన్ రోజంతా చేసేది నాబ్ బిగించడం, విప్పడమే కదా. ఏడాది తిరక్కుండానే పని మానేశాడు. నన్ను పల్లెత్తు మాట అనలేదు. గాలి వల్ల జరిగిందని అందరూ అన్నారు. గాలి వల్ల కాదు, చిట్టీ. నా వల్ల.

ఆ రాత్రి ఆ పేజీ తీశాను. త్రికోణం ఉంది, సున్నా ఉంది, గీత ఉంది, అడుగులున్నాయి. బస్తా లేదు. వెనక్కి తిప్పుకుంటూ వెళ్లాను, ఒక్క పేజీలోనూ లేదు. ఆ మర్నాటి నుంచి గీసిన ప్రతి స్టాండ్ పక్కనా ఒక చిన్న నల్ల చతురస్రం గీశాను. పని మానేసిన రోజు వరకూ గీశాను.

నువ్వూ ఆ పని చెయ్యి. ఏఐ ఇచ్చిన ప్లాన్ కాగితం మీదకి ఎక్కించుకుని, బస్తాలు నీ పెన్నుతో గీసుకో. అడిగితే అదే గీసి ఇస్తుందేమో, అయినా నీ చేత్తోనే గీయి. కేబుల్ ఎటు నుంచి వెళ్తుందో, ఎవరి కాళ్లకి తగులుతుందో అదీ గీయి. మూడు కాళ్లూ వేర్వేరు ఎత్తుల్లో ఉండే సి స్టాండ్ అయితే ఎత్తైన కాలు బరువున్న వైపు ఉండాలి, బస్తా ఆ కాలి మీదే వెయ్యాలి. గాలి ఉంటే స్కిమ్మర్ ఎత్తనే ఎత్తకు, షాట్ మార్చుకో. సాకెట్‌లో పెట్టేముందు వాట్లని వోల్టులతో భాగించు. 2000 వాట్ల లైటు 230 వోల్టుల లైను మీద దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. ఆ సాకెట్, ఆ వైరు అంత తట్టుకుంటాయో లేదో ఎలక్ట్రీషియన్‌ని అడుగు. మిగిలిన కేబుల్ చుట్టగా వదిలేస్తే వేడెక్కుతుంది, పరిచిపెట్టు.

మీరు మొత్తం ముగ్గురేనట. కెమెరా, లైటు రెండూ నువ్వేనట. ఇదేం పని? వ్యూఫైండర్‌కి కన్ను ఆనించినవాళ్లకి స్టాండ్ ఎలా కనబడుతుంది? ఇంకొకరిని పిలుచుకో. స్టాండ్ దగ్గర నిలబడటం తప్ప ఆ మనిషికి ఇంకో పని చెప్పకు. ఎవరూ దొరక్కపోతే నాకు ఫోన్ చెయ్యి, నేనొచ్చి నిలబడతాను. ఒక్క మాట కూడా మాట్లాడను, లైటు ఎక్కడ పెట్టాలో అసలు చెప్పను. అది నీ పని.

నా పాత తోలు గ్లవ్స్ పంపిస్తున్నాను. కుడి చూపుడు వేలు దగ్గర కాలి నల్లబడ్డాయి గానీ చిరగలేదు. నీకు వదులైతే కొత్తవి తీసుకో, వట్టి చేతులతో మాత్రం వేడి లైటు ముట్టుకోకు.

మొదటి సెటప్ అవగానే ఫొటో పంపు. మొహం మీద వెలుగు తర్వాత తీరిగ్గా చూస్తాను. ముందు బాగా వెనక్కి జరిగి, స్టాండ్ల కాళ్లు నేల దాకా కనబడేట్టు ఒకటి తీసి పంపు.

మీ మామయ్య