జిల్లేడు పెంచబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

సముద్రపు గాలి తగిలే ఇసుక పెరట్లో సీతాకోకచిలుకల కోసం ఏ మొక్క వేయాలని అడిగావు. జిల్లేడు వేయమని నా సలహా. ఉప్పుగాలిని, ఎండను, సారంలేని ఇసుకను తట్టుకొని ఏడాదిలో చాలా నెలలు పూసే దేశవాళీ మొక్కను పిచ్చిమొక్కగా చూడడం మన పొరపాటే.

కాయ పగిలితే గింజలు దూదితో సహా గాలికి ఎగిరిపోతాయి కనుక, అది విచ్చుకోబోతున్నప్పుడే కోసి, దూది తీసేసి, గింజను అర సెంటీమీటరు లోతున విత్తు. తల్లివేరు లోతుగా దిగే మొక్క కాబట్టి పెరిగాక పెకలించి నాటితే నిలదొక్కుకోవడం కష్టం. ఉండవలసిన చోటే విత్తడం మేలు. 2, 3 మీటర్ల ఎత్తు పెరుగుతుంది, ఆ మేరకు చోటు వదులు. ఎరువు అక్కరలేదు, నీరు మాత్రం నిలవకూడదు.

పువ్వు నడుమ కిరీటంలా ఉన్న భాగంలో పుప్పొడి పొడిగా కాక ముద్దలుగా ఉంటుంది. తేనె కోసం వాలిన పెద్ద నల్ల తుమ్మెద కాళ్లకు ఆ ముద్దలు తగులుకొని మరో పువ్వుకు చేరితేనే కాయ కడుతుంది.

ఇక అసలు సంగతి ఆకులది. ప్లెయిన్ టైగర్ అనే నారింజరంగు సీతాకోకచిలుక ఆకు అడుగున ఒక్కొక్క గుడ్డే పెడుతుంది. నలుపు, తెలుపు, పసుపు పట్టీలతో, వీపుమీద మూడు జతల నల్లని కొమ్ములతో కనిపించే గొంగళిపురుగు దాని పిల్లే. ఆకుపాలలోని విషాన్ని ఒంట్లో దాచుకోవడం వల్ల పక్షులు దాని జోలికి సాధారణంగా రావు. మొదటిసారి ఆకులు చిల్లులు పడ్డాయని నేను కంగారుపడి మందు చల్లాను. మర్నాడు చెట్టుకింద రాలిన పురుగులను చూశాక గానీ నేను చంపినది దేనినో తెలియలేదు. ఆకులు తినిపించడానికే ఈ మొక్కను పెంచుతున్నావని గుర్తుంచుకో, అవి మళ్లీ చిగురిస్తాయి. పసుపుపచ్చని పేనుబంక పడితే, ముందు ఆకుల అడుగున గుడ్లు లేవని చూసుకొని, నీళ్లు గట్టిగా చిమ్మితే చాలు.

కొమ్మలు కత్తిరించే ముందు ఆకుల కింద వేలాడే ప్యూపాల (గొంగళిపురుగు సీతాకోకచిలుకగా మారే గూళ్ల) కోసం వెతుకు. కారే పాలు కంటికి చాలా ప్రమాదకరం. చేతి తొడుగులు, కళ్లద్దాలు లేకుండా కత్తి పట్టకు. పొరపాటున కంట్లో పడితే వెంటనే ధారాళంగా నీళ్లతో కడిగి, ఆలస్యం చేయకుండా వైద్యుని దగ్గరికి వెళ్లు.

ఇట్లు,
మీ మేనమామ