అర్థమైందంటాడు, పరీక్షలో వదిలేస్తాడు

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతున్నాడు. రాని లెక్కనల్లా ఫోన్‌తో ఫొటో తీసి చాట్‌జీపీటీని అడుగుతాడు. వచ్చిన జవాబు చదివి అర్థమైందంటాడు. వారాంతపు పరీక్షలో మాత్రం అదే రకం లెక్క వదిలేసి వస్తున్నాడు. ఫోన్ తీసేసుకోవాలా?
- ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అర్థమైందని మీ అబ్బాయి చెబుతున్నది అబద్ధం కాదు. కళ్లెదుట జవాబు ఉన్నప్పుడు ఒక మెట్టు నుంచి మరో మెట్టు ఎలా వచ్చిందో అతనికి తెలుస్తూనే ఉంటుంది; ఖాళీ కాగితం మీద మొదటి మెట్టు ఏమి రాయాలన్నదే తెలియడం లేదు. ఇంటిగ్రేషన్‌లో సబ్‌స్టిట్యూషన్ పెట్టాలా, బై పార్ట్స్‌తో చేయాలా అని తేల్చుకోవడమే అసలు లెక్క, ఆ భాగాన్ని ఇప్పుడు ఫోన్ చేసిపెడుతోంది.

టర్కీలో దాదాపు వెయ్యి మంది హైస్కూల్ విద్యార్థులకు గణితంలో చాట్‌జీపీటీ లాంటి సాధనాన్ని ఇచ్చి పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు చేసిన అధ్యయనం 2025లో వెలువడింది. దాన్ని ఉన్నదున్నట్టుగా వాడినవారు అభ్యాస సమయంలో 48 శాతం మెరుగ్గా చేశారు. అది లేకుండా పరీక్ష రాసినప్పుడు, అసలు వాడనివారికంటే 17 శాతం వెనకబడ్డారు. తాము వెనకబడ్డామన్న సంగతి కూడా వారికి తోచలేదు. జవాబు చెప్పకుండా సూచనలు మాత్రమే అందించేలా మలచిన సాధనం వాడినవారిలో ఈ నష్టం చాలావరకు తప్పిపోయింది, అయితే పరీక్షలో వారికి చెప్పుకోదగ్గ లాభమూ కనబడలేదు.

కాబట్టి ఫోన్ లాక్కోవద్దు, వాడే వరుస మార్పించండి. ముందు పావుగంట కాగితం మీద తానే ప్రయత్నించాలి. ఆగిపోయిన చోట తన రాతనే ఫొటో తీసి, జవాబు చెప్పవద్దనీ, మొదటి తప్పు ఎక్కడుందో మాత్రమే చూపమనీ అడగాలి. అది చెప్పేదీ తప్పు కావచ్చు గనుక పుస్తకంలోని జవాబుతో సరిచూసుకోవాలి. మర్నాడు అదే లెక్కను ఏదీ చూడకుండా చేయాలి. మళ్లీ మళ్లీ చదివినదానికంటే జ్ఞాపకం నుంచి రాబట్టినదే ఎక్కువకాలం నిలుస్తుందని 2006లో మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికి చేసిన ప్రయోగాల్లో తేలింది.

ఇందులో పిల్లవాడి తప్పు కొంతే. ఎప్‌సెట్‌లో మూడు గంటల్లో 160 ప్రశ్నలు ఉంటాయి కదా అని కాలేజీలు రోజూ మోయలేనన్ని లెక్కలు ఇస్తే, ఎవరైనా ఫొటోనే తీస్తారు. నేను పైన చెప్పిన పద్ధతిలో అతను కాలేజీ ఇచ్చిన పనంతా పూర్తిచేయలేడు. ఆ విషయం ముందుగానే అతని లెక్చరర్‌తో మాట్లాడి, రోజుకు తక్కువ లెక్కలకు ఒప్పించండి.