అల్లుడా, బండి మీద మాత్రం పోకు

అల్లుడా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, అసలు ముచ్చట పక్కకు పెట్టి అరగంట మామిడికాయ తొక్కు గురించి మాట్లాడి, ఆఖరికి మెల్లగ బయట పెట్టింది. వచ్చే శనివారం హైదరాబాద్ల ఏదో కాలేజీ ఫెస్ట్‌ల టెక్కెన్ 3 అనే కొట్లాట వీడియో గేమ్ పోటీకి పోతున్నవట, దోస్తుతోని బండి మీద, రాత్రికి రాత్రే తిరిగొస్తవట, మీ బాపుకైతే ఇంక చెప్పలేదట. ఎవరితోని ఆడుతుండే అని అడిగితే "ఏమో అన్నా, ఫారెస్ట్ అంటడు, అడవి అంటడు, నాకేం తెల్సు" అన్నది. ఫోన్ పెట్టినంక నాకు నిద్ర పడితే ఒట్టు. ముందుగాల సంతోషం సంగతి రాస్త, తిట్టుడు షురూ చేస్తే ఇగ ఆగదు నాకు.

ఆ ఆటల ఇంతమంది ఫైటర్లుండంగ ఫారెస్ట్ లాని ఎవడు పట్టుకుంటడురా? అందరూ జిన్ అంటరు, హ్వోరాంగ్ అంటరు, ఆట రానోడు ఎడ్డీని పట్టుకొని రెండు కిక్కు బటన్లు టకటక కొడ్తడు. హన్మకొండ నయీంనగర్ల నా వీడియో గేమ్ షాపు ఉన్నప్పుడు, గంటకు పది రూపాయలు, మూడు టీవీలు, అండ్ల ఒక ప్లేస్టేషన్ సీడీ చదవకపోతే బోర్లేసి పెట్టేది, బోర్లేస్తే మంచిగ నడిచేది, ఎందుకో దేవునికే ఎరుక. ఆ షాపుల ఫారెస్ట్‌ని పిలిచే పేరు "బ్రూస్లీ". వానికో పేరుందని, టెక్కెన్ 2ల ఉన్నోడు వీళ్ల నాయిన మార్షల్ లా అని, 3ల కథ పంతొమ్మిదేండ్ల తర్వాతదని, వీడు కొడుకని ఎవలికీ పట్టింపు లేదు. మీ చిన్నమామ ఒక్కడే పట్టించుకునేది. నెట్ సెంటర్ల కూసొని చదివొచ్చి నాకు చెప్పిండు, వాళ్ల నాయిన బయట కొట్లాటలకు పోవద్దన్నడట, నాయిన దోస్తు పాల్ వచ్చి నడువ్ పోదామని తోల్కపోయిండట. గంతే కథ. 4ల నాయిన మళ్లొచ్చి కూసున్నడు, కొడుకు మాయం. 2012ల వచ్చిన ట్యాగ్ టోర్నమెంట్ 2ల మళ్ల ఇద్దరూ కనవడ్డరు గాని, ఇద్దరిద్దరిని జట్టుగ పట్టుకొని ఆడే ఆ ట్యాగ్ ఆటలు కథ లెక్కలకు రావు.

ఇగ ఆట సంగతి. నీ రిమోట్ నువ్వు తీస్కపో, వాళ్ల దగ్గర అరిగిపోయినయ్ ఉంటయ్. ముందురోజు పొద్దుమీకి ఎక్కువ ఆడకు, పండుకో. ఐడీ కార్డు మర్చిపోకు. ఎడ్డీ పడితే ఆగమాగం కాకు, కింది కిక్కులకు కూసొని కాచుకో, వాడు ఆగినప్పుడు కొట్టు. ఆ పల్టీ కిక్కు మీద మోజు తగ్గించుకో, తాకితే సూడ ముచ్చటగనే ఉంటది, అవతలోడు కాచుకుంటే మాత్రం నువ్వు దిగేదాక ఆగి తీరుబడిగ కొడ్తడు. మీ చిన్నమామ గట్లనే ఓడిపోయిండు, కరీంనగర్ల, సెమీఫైనల్ల, ఎడ్డీతోని ఆడిన ఒక ఎనిమిదో తరగతి పోరని చేతిల.

ఆ కరీంనగర్ ముచ్చట మీ అమ్మ నీకు పూర్తిగ చెప్పి ఉండదు. నేను చెప్త.

2002 నవంబర్. బస్టాండ్ దగ్గర ఒక గేమ్ షాపోడు పోటీ పెట్టిండు, ఎంట్రీ ఇరవై రూపాయలు. మీ చిన్నమామకు పదిహేడేండ్లు, ఇంటర్ సెకండియర్. బాపు పంపడని తెల్సు, అప్పటికే "ఆ డబ్బాల ముందట కూసొని కండ్లు పోగొట్టుకుంటవ్" అని రోజూ తిట్లే. నేనేం చేసిన? అన్ననయ్యుండి, షాపు పెట్టిన పెద్దమనిషినయ్యుండి, "వేములవాడ రాజన్న దర్శనానికి పోతున్నం బాపూ" అన్న. బాపు జేబుల నుంచి పదకొండు రూపాయలు తీసి, హుండీల ఎయ్యమని మా చేతిల పెట్టిండు. ఆ పైసలు ఎంట్రీ ఫీజుల కలిసినయ్ అల్లుడా. అది ఇప్పటిదాక ఎవలికీ చెప్పలే.

వాడు ఓడిపోయిండు, అయినా మస్తు ఖుషీగుండె, మిర్చిబజ్జీలు తిని తొమ్మిది దాటినంక బయల్దేరినం. దోస్తు దగ్గర అడిగి తెచ్చిన పాత బండి, లైటు ఎంత మసకంటే ఎదురొచ్చే లారీ లైటే మాకు దారి చూపెట్టేది. హుజూరాబాద్ దాటినంక నాకు కండ్లు మూతలు పడ్డయ్, "జెర నువ్వు తోలురా" అని వానికిచ్చిన. లైసెన్సు లేదు, రాత్రిపూట తోలిన అలవాటు లేదు. కోతల టైం, రోడ్డు సగానికి వడ్లు ఆరబోసి ఉండె, మీద నల్ల టార్పాలిన్, లేచిపోకుండ చుట్టూ రాళ్లు. నల్ల రోడ్డు మీద నల్ల టార్పాలిన్ ఏం కనవడ్తది? నేనైతే వాని వీపుకు తల ఆనిచ్చి నిద్రపోతున్న. లేచేసరికి నా నోట్ల వడ్లున్నయ్. వాడు అవతల కూసొని కుడి చెయ్యిని ఎడమ చేత్తోని పట్టుకొని "అన్నా ఇది నాది కాదనిపిస్తుందే" అన్నడు. మణికట్టు.

హాస్పిటల్‌కి బాపు తెల్లారుజామున వచ్చిండు. తిడ్తడనుకున్న, కొడ్తడనుకున్న. వాన్ని చూసిండు, నన్ను చూసిండు, "వేములవాడ పోయిండ్రు కదా, ప్రసాదమేది?" అన్నడు. అంతే. మూడు నెలలు నాతోని మాట్లాడలే. లోపల ప్లేటు ఏసిండ్రు, అవ్వ పుస్తెలతాడు కుదువకు పోయింది.

మళ్ల 2005లనో 2006లనో షాపుల టెక్కెన్ 5 పెట్టినం. మార్షల్ లాని పట్టుకుంటే ముందట బొమ్మలు, కథ వస్తయ్ కదా, మీ చిన్నమామ పక్కన కూసొని కింద ఇంగ్లీష్ మెల్లమెల్లగ చదువుతుండు. కొడుకు ఫారెస్ట్‌కు బైక్ యాక్సిడెంట్ అయి హాస్పిటల్ల పడ్డడట, బిల్లు కట్టనీకి నాయిన టోర్నమెంట్‌కి పోతుండట. వాడు చదువుడు ఆపిండు. నాకు గొంతు పట్టేసింది. నేనే పాల్‌ని కదా మరి, తోల్కపోయింది నేను. బాపుకు టోర్నమెంట్ ఏడుండె, అవ్వ మెడల తాడు ఉండె గాని. కొంచెం సేపయినంక వాడు నవ్వి, "చూసినవా అన్నా, కొడుకు మంచాన పడ్డంక గూడ కథ నాయినదే, వాడు గాడ పండుకొని ఏమనుకుంటుండో ఒక్క ముక్క రాయలే" అన్నడు. నేనేమనుకున్నవురా అని అడగొచ్చు ఆ రోజు. అడగలే. కరెంట్ బిల్లు సంగతేదో ఎత్తిన.

ఇప్పుడు కరీంనగర్ వోలె కాదు, భువనగిరి రోడ్డు నాలుగు లైన్లది, మంచిగుంది అంటవ్. మంచి రోడ్డు మీదనే లైట్లు లేకుండ లారీలు ఆపుతరు రాత్రి. నేను పోతుంట కదా, జనగామ దాటినంక ఎన్నిసార్లు చూసిన్నో. పొద్దున కాజీపేటల ట్రైన్ ఎక్కు, రెండు గంటలు, రెండున్నర గంటలల్ల సికింద్రాబాద్. సెమీఫైనల్ దాక పోయి ఆలస్యమైతే అక్కడనే మా మేనత్త కొడుకు రూంల పండుకో, నేను మాట్లాడిన. పైసలు ఫోన్‌పే కొట్టిన చూస్కో, మిర్చిబజ్జీలకు గూడ కలిపే కొట్టిన.

మీ బాపుకు నువ్వే చెప్పు, ఈ రోజే. నేను చెప్తే "బామ్మర్ది చెడగొడ్తుండు" అంటడు బావ, అన్నా నాకు రోషం రాదు, గాని ఆయనకు నీ నోటి నుంచి ఇనవడాలె. తిడ్తడు, తిట్టనియ్యి. అన్నం తినుకుంట చెప్పకు, తిన్నంక చెప్పు. వేములవాడ గిట్ల పేరెత్తినవో, నేనే వచ్చి చెవ్వు పిండుత.

ఇంకోటి. చిన్నమామకు ఫోన్ చేసి చెప్పిన, నువ్వు ఫారెస్ట్‌తోని ఆడుతున్నవని. కొంచెం సేపు మాట్లాడలే. తర్వాత "నేను గూడ వస్త, పక్కన నిలవడ్త, రిమోట్ పట్టను" అన్నడు. కాజీపేట స్టేషన్ల టీ కొట్టుకాడ ఉంటడు, ఆరింటికే వచ్చి కూసుంటడు, నువ్వు లేటు చెయ్యకు.

బండి తాళంచెవి మీ అమ్మ ఏడనో దాసింది, దేవులాడకు.

మీ మామ