హైదరాబాద్‌లో ఉంటాను. లెన్స్‌తో కలిపి కిలో లోపే ఉండే చిన్న మిర్రర్‌లెస్ కెమెరాకి, బ్యాక్‌ప్యాక్‌లో పట్టేలా ఎలాంటి ట్రైపాడ్ కొనాలి?

లెన్స్‌తో కలిపి కెమెరా కిలో లోపే అంటున్నారు కాబట్టి, మడిస్తే 40 సెంటీమీటర్ల లోపు, బరువు కిలో నుంచి కిలోంపావు మధ్య ఉన్నది చూడండి. అంతకంటే తేలికవీ దొరుకుతాయి గానీ గాలికి నిలవవు.

డబ్బా మీద రాసిన లోడ్ అంకెను (ఎంత బరువు మోస్తుందనేది) మరీ నమ్మొద్దు. కెమెరా బరువుకి మూడు రెట్లైనా ఉందో లేదో చూసి వదిలేయండి. అసలు విషయం కాళ్లలో ఉంది. ఒక్కో కాలికి ఐదు సెక్షన్లు (ఒకదాంట్లో ఒకటి దూరే గొట్టాలు) ఉన్నవి బాగా పొట్టిగా మడుచుకుంటాయి, కానీ అడుగు సెక్షన్ పెన్సిలంత సన్నగా ఉండి వణుకుతుంది. నా మాటైతే నాలుగు సెక్షన్లదే నయం. షాపులో కాళ్లు పూర్తిగా లాగి, మీ కెమెరానే బిగించి, జూమ్ చివరిదాకా తిప్పి, పైన వేలితో తట్టండి. స్క్రీన్ మీద బొమ్మ ఒకట్రెండు సెకన్లలో కుదురుకోవాలి. ఆన్‌లైన్‌లో ఇది కుదరదు, అందుకోసమైనా కోఠి దాకా వెళ్లండి. సెంటర్ కాలమ్ (కాళ్ల మధ్య నుంచి పైకి లేచే గొట్టం) లేపితే ఎంత ఖరీదైనదైనా ఊగుతుంది. అది దించి ఉన్నప్పటి ఎత్తు ఎంతో అడగండి.

ఆర్కా-స్విస్ రకం ప్లేట్ (కెమెరా అడుగున బిగించే పలక) ఉన్న బాల్‌హెడ్, అంటే కెమెరాని ఏ వైపుకైనా వంచి బిగించే గుండు లాంటి తల, తీసుకోండి. కార్బన్ ఫైబర్ బరువు కొంత తగ్గించి ధర బాగా పెంచుతుంది, మీకు అల్యూమినియం చాలు.

దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జిని రాత్రిపూట తీయాలంటే గట్టు మీద నుంచే తీయండి. వాహనాలు పోతుంటే వంతెనే అదురుతుంది, ఇక ట్రైపాడ్ ఏం చేస్తుంది! గోల్కొండ, చార్మినార్‌లలో ట్రైపాడ్ వాడాలంటే కేంద్ర పురావస్తు శాఖ అనుమతి ముందే తీసుకోవాలి.