వెనక వరుసల్లో తెడ్లు ఎందుకు తగులుకుంటాయి?

ప్రశ్న: మా డ్రాగన్ బోట్ (డోలు మోతకు వరుసకు ఇద్దరు చొప్పున తెడ్లు వేసే పొడవాటి పందెం పడవ) జట్టులో 20 మందీ బలంగానే తెడ్డు వేస్తున్నారు. అయినా పడవ సాగదు. ఆరో వరుస దాటాక తెడ్లు ఒకదానికొకటి తగులుకుంటున్నాయి. డోలు ఇంకా గట్టిగా కొట్టించాలా?

జవాబు: డోలుని వదిలేయండి, తప్పు చూపుది. మీవాళ్లు బహుశా తమ ముందు కూర్చున్నవారి తెడ్డు పడ్డాక తమది దించుతున్నారు. వరుసకు రవ్వంత ఆలస్యం చొప్పున పోగై, ముందువాళ్లు తెడ్డు పైకెత్తేసరికి వెనకవాళ్లు ఇంకా లాగుతూనే ఉంటారు. దూరం నుంచి చూస్తే అచ్చం జెర్రి నడకే! గతి పట్టేది మొదటి వరుసలోని ఇద్దరు. కుడివైపు వాళ్లు ఎడమవైపు మొదటి మనిషినీ, ఎడమవైపు వాళ్లు కుడివైపు మొదటి మనిషినీ ఐమూలగా చూడాలి. డోలు కూడా ఆ ఇద్దరి తెడ్లను చూసే మోగాలి.

నీళ్లు ఎగిరి వెనకవారి మొహాన పడుతున్నాయా? అయితే తెడ్డు పలక (నీళ్లలో దిగే వెడల్పాటి కొస) పూర్తిగా మునగకముందే లాగేస్తున్నారన్నమాట. నడుము తిప్పి, బయటివైపు భుజం ముందుకు చాచి, పై చెయ్యిని పడవ అంచు దాటించి పట్టుకుంటే తెడ్డు నిలువుగా దిగుతుంది. పలక మొత్తం మునిగాకే నడుముతో లాగాలి, తుంటి దగ్గరికి రాగానే తీసేయాలి. తుంటి దాటితే తెడ్డు నీళ్లను పైకెత్తుతుంది, పడవ కిందికి కుంగుతుంది. చాలామంది దీన్నే బలమనుకుంటారు!

తప్పు ఎక్కడుందో తేలాలంటే మొదటి రెండు వరుసలతోనే 20 సార్లు తెడ్డు వేయించండి. మిగతావాళ్లు పలకలు నీళ్లపై ఆనించి పడవ ఊగకుండా చూడాలి. తర్వాత రెండేసి వరుసలు కలుపుతూ పోండి. ఎక్కడ చెడితే అక్కడే ఆగి సరిచేయండి.

ప్రశ్న: ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలి?

జవాబు: పడవ నడుమ వెడల్పు, కొసలు ఇరుకు. అందుకే బరువైనవాళ్లు నాలుగు నుంచి ఏడో వరుస వరకు, నిలకడగా తెడ్డు వేసేవాళ్లు ముందు. ఒక బల్లపై ఇద్దరి బరువూ దాదాపు సమానంగా ఉండాలి. లేకపోతే పడవ ఒరిగి, పైకి లేచినవైపు వాళ్లకు నీళ్లు సరిగా అందవు.

ప్రశ్న: ఈత రానివాళ్లను తీసుకోవచ్చా?

జవాబు: లైఫ్ జాకెట్ వేసి, బెల్టులు బిగించాకే. పడవ తిరగబడితే దాన్ని వదిలి ఒడ్డుకు ఈదబోవద్దు. ప్రతి ఒక్కరూ ముందు తమ బల్లపై కూర్చున్నవారి కోసం చూడాలి. తర్వాత వరుసలవారీగా తలలు లెక్కపెట్టాలి. డోలు మనిషి, చుక్కాని మనిషితో కలిపి 22 రావాలి.