పికప్ కోసం స్ప్రాకెట్ మార్చవచ్చా?

ప్రశ్న: కడపలో బట్టలు కొని రాయచోటి చుట్టుపక్కల పల్లెల్లో అమ్ముకుంటాను. నాది వంద సీసీ బండి, వెనక రెండు పెద్ద మూటలు ఉంటాయి. గువ్వలచెరువు ఘాట్‌లో మూడో గేరు అసలు లాగదు, రెండో గేరులో ఇంజిన్ గింజుకుంటుంది. ముందు స్ప్రాకెట్‌కు (చైన్ తిరిగే పళ్ళ చక్రం) 14 పళ్ళు, వెనకదానికి 42 ఉన్నాయి. ముందు 13 పళ్ళది వేస్తే పికప్ వస్తుందని మెకానిక్ అంటున్నాడు. వేయించుకోవచ్చా?
– ఒక పాఠకుడు, కడప

జవాబు: పళ్ళు లెక్కపెట్టి రాశారు, సంతోషం. ఆ రెండు అంకెలు లేకుండా ఈ ప్రశ్నకు సరైన జవాబు చెప్పలేం.

42ను 14తో భాగిస్తే 3. ముందు స్ప్రాకెట్ మూడు చుట్లు తిరిగితే వెనక చక్రం ఒక చుట్టు తిరుగుతోందన్నమాట. ముందు 13 వేస్తే ఆ 3 కాస్తా 3.23 అవుతుంది. ప్రతి గేరులోనూ చక్రానికి అందే లాగుడు దాదాపు 8 శాతం పెరుగుతుంది. మీ మెకానిక్ మాట నిజమే. కానీ ఇంజిన్ బలం పెరగలేదు. ఇప్పుడు 60 వేగంలో ఇంజిన్ ఎంత తిరుగుతోందో, అప్పుడు 56 దగ్గరే అంత తిరుగుతుంది. ఘాట్ దాటాక చదును రోడ్డు మీద కూడా ఆ మోత, ఆ పెట్రోలు ఖర్చు భరించాలి.

నేనైతే ముందుదాన్ని ముట్టుకోను. చిన్న స్ప్రాకెట్ మీద చైన్ మరీ ఎక్కువగా వంగుతుంది, పిన్నులు త్వరగా అరుగుతాయి. చైన్ స్వింగ్ ఆర్మ్‌కు (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చట్రం) దగ్గరై రాసుకునే ప్రమాదమూ ఉంది. వెనక 44 వేయించండి. అనంతపురంలో మా షెడ్డుకు వచ్చే పాల బండ్లకు నేను ఎక్కువగా చేసేది ఈ మార్పే. లాగుడు 5 శాతం దాకా పెరుగుతుంది, చదును మీద నష్టం తక్కువ. 45 వేస్తే ముందు 13 వేసినంత ఫలితం వస్తుంది, కానీ అది చైన్ కవరుకు తగలకుండా తిరుగుతుందో లేదో చూసుకోవాలి. మీ స్పీడోమీటర్ కేబుల్ ముందు చక్రం నుంచి వస్తుంటే రీడింగ్‌లో తేడా ఉండదు.

దయచేసి పాత చైన్ మాత్రం ఉంచవద్దు. సాగిన చైన్ కొత్త పళ్ళను తినేస్తుంది. రెండు స్ప్రాకెట్లు (ముందుది మళ్ళీ 14 పళ్ళదే), చైన్ కలిపి ఒకేసారి మార్చండి. పాత చైన్ మీద సైజు 428 అని ఉంటే కొత్తవన్నీ 428వే కావాలి. లింకులు అన్నే ఉంటే 44తో వెనక ఇరుసు సుమారు 6 మిల్లీమీటర్లు ముందుకు జరుగుతుంది, అంత చోటు ఉండాలి. చాలామంది మరిచిపోయేది ఇంకొకటి ఉంది: లోడు పడితే చైన్ బిగుసుకుంటుంది. ఖాళీ బండికి కంపెనీ పుస్తకంలో చెప్పినంత వదులు పెట్టించి, మూటలు కట్టి మీరు కూర్చున్నాక మరొకరి చేత చైన్ పట్టి చూడమనండి. అప్పుడూ కొంచెం ఊగాలి. బిర్రుగా ఉంటే గేర్‌బాక్స్ బేరింగు పోతుంది.

డబ్బు పెట్టే ముందు ఒక పరీక్ష చేయండి. ఎత్తులో యాక్సిలరేటర్ తిప్పినప్పుడు ఇంజిన్ మోత పెరిగి బండి వేగం పెరగకపోతే క్లచ్ జారుతున్నట్టు. ఎన్ని పళ్ళు మార్చినా ఆ జబ్బు పోదు. వెనక చక్రం లేపి చేత్తో తిప్పి బ్రేకు పట్టేస్తోందేమో చూడండి, ఎయిర్ ఫిల్టర్ దుమ్ము దులిపించండి. ఇవన్నీ బాగున్నాకే 44 కొనండి. కొన్న తర్వాత కూడా నిండు మూటలతో ఆ మలుపుల్లో మొదటి గేరు అవసరమైతే వెంటనే వేసేయండి, సగం క్లచ్ నొక్కి రెండో గేరులోనే ఈడ్చవద్దు.